మంగు ట్యూబు రెండోసారి అడిగినప్పుడు: మందుల దుకాణదారులకు, ఫార్మసిస్టులకు ఒక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లోని మందుల దుకాణాల యజమానులకు, రిజిస్టర్డ్ ఫార్మసిస్టులకు, కౌంటరు దగ్గర నిలబడి మందులు అందించే సోదర సోదరీమణులకు నమస్కారాలు.

నేను గోదావరి జిల్లాల్లోని ఒక పట్టణంలో చర్మవైద్యురాలిగా పనిచేస్తున్నాను. ముఖం మీది మంగుకు రాసే మూడు మందుల క్రీమును, అంటే హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, ఒక స్టిరాయిడ్ కలిసి ఉండే ట్యూబును, డాక్టరు చీటీ లేకుండా అమ్మవద్దనీ, చీటీ ఉన్నా అదే చీటీ మీద రెండో ట్యూబు, మూడో ట్యూబు ఇస్తూ పోవద్దనీ మిమ్మల్ని కోరడానికి ఈ లేఖ రాస్తున్నాను. ఈ మాట ఔషధ నియంత్రణ అధికారులకు చెప్పుకోక మాకెందుకు చెబుతున్నారని మీలో కొందరు అడగవచ్చు. ఊరూరా ఉన్న దుకాణాలెన్నో, వాటిని తనిఖీ చేయాల్సిన డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ఎందరో నాకంటే మీకే బాగా తెలుసు. దానికి మించిన కారణం కూడా ఉంది. ఈ క్రీము మొదటి ట్యూబుతో ముఖం పాడైన వారు అరుదు. పాడయ్యేదంతా ఆ తర్వాతి ట్యూబులతోనే. మొదటి ట్యూబు రాసిన డాక్టరు ఆ మనిషిని మళ్ళీ జన్మలో చూడకపోవచ్చు. మూడో ట్యూబు కొనేనాటికి, ఐదో ట్యూబు కొనేనాటికి ఆమె ముఖం ఎలా మారిందో ఎదురుగా నిలబడి చూసే అవకాశం ఉన్నది మీకే.

ఫార్మసీ చదివిన వారికి ఇప్పుడు చెప్పబోయేది కొంత తెలిసిన విషయమే. అయినా, మీ దగ్గర పనిచేసే కుర్రవాళ్ళకు కూడా ఈ లేఖ చదివి వినిపిస్తారన్న ఆశతో మొదటి నుంచి చెబుతాను.

చర్మం పైపొర అడుగు భాగంలో రంగును తయారుచేసే మెలనోసైట్లు అనే కణాలు ఉంటాయి. అవి తయారుచేసిన రంగు పదార్థమైన మెలనిన్‌ను చుట్టుపక్కల కణాలకు పంచిపెడతాయి. మంగు వచ్చిన చోట ఈ కణాలు ఆగకుండా, అవసరానికి మించి పనిచేస్తుంటాయి. ఎండ, గర్భం, గర్భనిరోధక మాత్రలు, కుటుంబంలో ఇంతకు ముందే మంగు ఉండడం వంటివి దీనికి దోహదం చేస్తాయి. రెండు బుగ్గల మీద, ముక్కు మీద, నుదుటి మీద, పై పెదవి మీద ఇంచుమించు సమానంగా పరుచుకునే గోధుమరంగు మచ్చలు దీని గుర్తు. ఇది ప్రాణం తీసే జబ్బు కాదు, అంటుకునేదీ కాదు. కానీ పెళ్ళిలో ఫొటో తీసే వేళకు పక్కకు తప్పుకునే స్త్రీకి ఇది చిన్న జబ్బని చెప్పే హక్కు నాకూ మీకూ లేదు.

హైడ్రోక్వినోన్ ఈ రంగు తయారీకి అవసరమైన టైరోసినేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటుంది. ట్రెటినోయిన్ పైపొర కణాలు త్వరగా రాలిపోయి కొత్తవి వచ్చేలా చేస్తుంది, హైడ్రోక్వినోన్ లోపలికి ఇంకడానికి దారి ఇస్తుంది. ఈ రెండూ కలిస్తే ముఖం మండుతుంది, ఎర్రబడుతుంది. ఆ మంటను అణచడానికి మూడోదిగా స్టిరాయిడ్‌ను చేర్చారు. స్టిరాయిడ్ వల్ల రంగు తయారీ కూడా కొంత తగ్గుతుంది. 1975లో అమెరికాలో క్లిగ్‌మన్, విల్లిస్ అనే ఇద్దరు వైద్యులు 5 శాతం హైడ్రోక్వినోన్, 0.1 శాతం ట్రెటినోయిన్, 0.1 శాతం డెక్సామెథాసోన్ కలిపి ఈ పద్ధతిని ప్రకటించారు. ఆలోచన మంచిదే. చర్మవైద్యులం ఇప్పటికీ దీన్ని వాడుతున్నాం, సరైన మనిషికి సరైన గడువుతో వాడితే ఇంత బాగా పనిచేసే పూత మందు మంగుకు మరొకటి లేదని నేను కూడా ఒప్పుకుంటాను.

అయితే ఆ గడువు ఎంత? 2002లో అమెరికా ఔషధ సంస్థ ఈ కోవకు చెందిన క్రీమును ఆమోదించినప్పుడు అందులో 4 శాతం హైడ్రోక్వినోన్, 0.05 శాతం ట్రెటినోయిన్, 0.01 శాతం ఫ్లూసినోలోన్ ఉన్నాయి. ఎండ తగలకుండా జాగ్రత్త పడుతూ గరిష్ఠంగా 8 వారాలు మాత్రమే వాడాలని షరతు పెట్టింది. మన అరల్లో ఎక్కువగా కనిపించే ట్యూబును ఒకసారి తిప్పి చదవండి. హైడ్రోక్వినోన్ 2 శాతం, ట్రెటినోయిన్ 0.025 శాతం, మొమెటాసోన్ 0.1 శాతం అని ఉంటుంది. అంటే మచ్చను తగ్గించే రెండు మందులూ సరిగ్గా సగానికి తగ్గాయి. మంటను అణచడానికి మాత్రమే చేర్చిన స్టిరాయిడ్ మాత్రం ఫ్లూసినోలోన్ కంటే బలమైనది వచ్చి కూర్చుంది. తక్కువ బలమున్న స్టిరాయిడ్ ఉన్న కలయికకు 8 వారాల గడువు పెడితే, ఎక్కువ బలమున్న స్టిరాయిడ్ ఉన్న కలయికను మనవాళ్ళు ఏళ్ళ తరబడి పౌడరు రాసుకున్నట్టు రాసుకుంటున్నారు.

ముఖం మీది చర్మం చేతి మీది చర్మం వంటిది కాదు. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే పరిశోధకులు హైడ్రోకార్టిసోన్‌ను శరీరంలో వేర్వేరు చోట్ల పూసి ఎంత ఇంకుతుందో కొలిచారు. ముంజేతి లోపలి వైపు ఇంకినదాన్ని ఒకటిగా తీసుకుంటే, నుదుటి మీద దానికి 6 రెట్లు, దవడ మూల దగ్గర 13 రెట్లు ఇంకింది. చేతి మీద తామరకు రాసుకుని ఏమీ కాలేదు కదా అని ముఖానికి రాసుకునే వారికి చెప్పాల్సిన లెక్క ఇదే. (ఫంగస్ వల్ల వచ్చే తామరకు స్టిరాయిడ్ రాయడమే తప్పు, అది మరో ఉత్తరానికి సరిపడే విషయం.)

ఇక రెండో ట్యూబు సంగతి. ఈ క్రీమును రాత్రిపూట ఒక్కసారి, ముఖం మొత్తానికి శనగగింజంత మోతాదులో, మచ్చల మీద పల్చగా రాసుకోవాలి. అది సుమారు పావు గ్రాము. 15 గ్రాముల ట్యూబు ఆ లెక్కన దాదాపు 60 రోజులు వస్తుంది. ఒక్క ట్యూబు అంటే ఒక పూర్తి కోర్సు అన్నమాట. మూడు వారాలకే ఎవరైనా రెండో ట్యూబుకు వచ్చారంటే ఆమె పగలు కూడా రాసుకుంటోందనో, మెడకూ చేతులకూ రాసుకుంటోందనో, ఇంట్లో మరొకరు కూడా వాడుతున్నారనో అర్థం. రెండు నెలలకు వచ్చారంటే కోర్సు పూర్తయింది, ఇక డాక్టరు చూడాలి. ఎటు చూసినా చీటీ లేకుండా రెండో ట్యూబు ఇవ్వదగిన సందర్భం నాకు కనిపించడం లేదు.

ఇవ్వడం వల్ల ఏమవుతుందో దగ్గరగా చూపిస్తాను. మా ఆసుపత్రికి కడియం వైపు నర్సరీల్లో పనిచేసే స్త్రీలు వస్తుంటారు. మొక్కలకు మట్టి ఎత్తుతూ, కవర్లు నింపుతూ పగలంతా ఎండలో వంగి ఉండే పని వారిది. తలకు కట్టుకున్న గుడ్డ నుదురు వరకే కాపాడుతుంది, బుగ్గలు ఎండకే వదిలేయాలి. వారిలో ఒకామె కిటికీ పక్కన కూర్చుని ముఖం పైకెత్తినప్పుడు మొదట కనిపించినది మచ్చలు కాదు. రెండు బుగ్గల మీదా సన్నటి ఎర్రదారాల్లాంటి రక్తనాళాలు, వాటి మధ్య పల్చబడి మెరుస్తున్న చర్మం, గడ్డం మీద ఒకే సైజులో గుంపుగా లేచిన చిన్న చిన్న మొటిమలు, చెంపల పక్కన కొత్తగా ముదిరిన నూగు వెంట్రుకలు. వంటగదిలోకి వెళితే ముఖం మంటగా ఉంటుందనీ, సబ్బు పెడితే భగ్గుమంటుందనీ ఆమె చెప్పింది. పర్సులోంచి ట్యూబు తీసింది. అడుగు నుంచి మూత దాకా గట్టిగా చుట్టి చివరి చుక్క వరకూ పిండిన ట్యూబు అది. చీటీ ఏదమ్మా అంటే, "చీటీ అక్కర్లేదండి, ఖాళీ ట్యూబు చూపిస్తే ఇస్తారండి" అంది.

ఖాళీ ట్యూబు చీటీగా చెల్లుతున్న కౌంటర్లు మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని ఉన్నాయో ఎవరికి వారు లెక్క వేసుకోవాలని మనవి.

ఆమె ఆ ట్యూబును ఆపాలని ప్రయత్నించలేదని కాదు. రెండుసార్లు ఆపింది. ఆపిన ప్రతిసారీ నాలుగైదు రోజులకు ముఖం ఎర్రగా కమిలి, మచ్చ మునుపటికంటే నల్లగా తేలింది. మళ్ళీ రాస్తే రెండు రోజుల్లో చల్లబడింది. దాంతో ఆ క్రీమే తనను కాపాడుతోందని నమ్మింది. నిజానికి స్టిరాయిడ్‌కు అలవాటు పడిన చర్మం దాన్ని ఆపగానే తిరగబడడమే ఇది. మా వైద్య పరిభాషలో స్టిరాయిడ్ వల్ల దెబ్బతిన్న ముఖం అని దీనికి ప్రత్యేకంగా ఒక పేరే ఉంది. మంగు తగ్గించుకుందామని వచ్చిన మనిషికి ముందు ఈ కొత్త జబ్బును నెలల తరబడి నయం చేసి, ఆ తర్వాత మొదటి జబ్బు దగ్గరికి రావాల్సి వస్తుంది. అంతకాలం ఆమె ముఖం ఆమెకు మరింత వికారంగా కనిపిస్తుంది. సగంమంది మధ్యలోనే మానేసి మళ్ళీ ట్యూబు దగ్గరికి వెళతారని భయపడుతూనే మేము వైద్యం మొదలుపెడతాం.

స్టిరాయిడ్ సంగతి ఇదైతే హైడ్రోక్వినోన్‌కు తనదైన ప్రమాదం ఉంది. ఏళ్ళ తరబడి వాడితే కొందరిలో ఆక్రోనోసిస్ అనే స్థితి వస్తుంది. బుగ్గల ఎముకల మీద నీలంతో కలిసిన నల్లటి చుక్కలు, గరుకుదనం ఏర్పడతాయి. మచ్చ పెరిగిందనుకుని ఆమె అదే క్రీమును ఇంకాస్త ఎక్కువ రాస్తుంది, దాంతో అది ఇంకా పెరుగుతుంది. ఇది వస్తే పోగొట్టడం మా వల్ల కూడా దాదాపు కాదు. చర్మం తెల్లబరిచే క్రీములు విచ్చలవిడిగా అమ్ముడైన దక్షిణాఫ్రికాలో ఈ సమస్యను 1975లోనే గుర్తించారు. 1990లో అక్కడ సౌందర్య సాధనాల్లో హైడ్రోక్వినోన్‌ను నిషేధించారు. ఐరోపా సమాఖ్య 2001లో అదే పని చేసింది. అమెరికాలో చీటీ లేకుండా దొరికే 2 శాతం హైడ్రోక్వినోన్ క్రీములకు కూడా 2020లో తెర పడింది. ఆ 2 శాతమే మన ట్యూబులోనూ ఉంది, పైగా స్టిరాయిడ్‌తో కలిసి.

మరో విషయం కొందరు ఫార్మసిస్టులకు కూడా తట్టకపోవడం నాకు ఆశ్చర్యం కలిగిస్తుంది. మంగు తరచుగా మొదలయ్యే సందర్భాల్లో గర్భం ఒకటి. అంటే ఈ ట్యూబు కోసం మీ కౌంటరు ముందు నిలబడే వారిలో గర్భిణులు ఉండే అవకాశం మామూలు కంటే ఎక్కువ. గర్భంతో ఉన్నవారికి ట్రెటినోయిన్ వాడకూడదు. హైడ్రోక్వినోన్ చర్మం గుండా రక్తంలోకి గణనీయంగానే చేరుతుంది కనుక దాన్నీ దూరం పెడతాం. నెల తప్పిందా అని మీరు అడగలేరు, అడిగితే బాగుండదు కూడా. మందుకు చీటీ అవసరం అనడం వెనుక ఉన్న అర్థాల్లో ఇది ఒకటి. అలాంటి స్త్రీకి అజెలాయిక్ ఆమ్లం వంటి సురక్షితమైన మందు మేము ఇవ్వగలం, కాన్పు తర్వాత కొందరిలో మంగు తనంతట తనే పల్చబడుతుందని ధైర్యం కూడా చెప్పగలం.

చట్టం గురించి మీకు పాఠం చెప్పడం నాకు ఇష్టం లేదు, మీ గోడ మీద ఫ్రేము కట్టి ఉన్న లైసెన్సు షరతులు నాకంటే మీకే బాగా తెలుసు. అయినా రెండు మాటలు గుర్తు చేయక తప్పదు. 2018 మార్చిలో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ పైపూతగా వాడే 14 స్టిరాయిడ్లను, డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన మందుల జాబితా అయిన షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. పూత మందులే కదా, వీటికి చీటీ ఎందుకు అనే పాత వాదనకు అప్పటి నుంచి చోటు లేదు. ఇక 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో 65వ నియమం, ఒక చీటీ మీద మందును మళ్ళీ మళ్ళీ ఇవ్వవచ్చని డాక్టరు దాని మీద స్వయంగా రాస్తే తప్ప, ఒకసారి కంటే ఎక్కువ ఇవ్వకూడదని చెబుతోంది. మందు ఇచ్చినప్పుడు చీటీ మీద డాక్టరు సంతకానికి పైన దుకాణం పేరు, చిరునామా, తేదీ వేయాలని కూడా అదే నియమంలో ఉంది. ఈ చిన్న ముద్ర ఒక్కటి పడితే అదే చీటీ పట్టుకుని ఆమె పక్క దుకాణానికి వెళ్ళినా అక్కడివారికి విషయం తెలుస్తుంది. నేను చూసే చీటీల్లో ఆ ముద్ర ఉన్నవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

ఇదంతా నా ఒక్కదాని అనుభవం అనుకోకుండా ఒక అధ్యయనం సంగతి చెబుతాను. మన దేశంలో 12 వైద్య కేంద్రాల్లో, ముఖం మీద చర్మ సమస్యలతో వచ్చిన 2926 మందిని పరిశీలించి 2011లో చర్మవైద్యుల పత్రికలో ఫలితాలు ప్రచురించారు. వారిలో 433 మంది ముఖానికి స్టిరాయిడ్ పూతలు వాడుతున్నారు. ఆ 433 మందిలో 59.3 శాతం మందికి ఆ సలహా ఇచ్చింది డాక్టరు కాదు. 90.5 శాతం మందిలో దుష్ప్రభావాలు కనిపించాయి. నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన అంకె మరొకటి. డాక్టర్లు రాసిన చీటీల్లో కూడా 83 శాతం చీటీల మీద, తీసుకోకూడని విధంగా మందును మళ్ళీ మళ్ళీ కొన్నారు. డాక్టరు రాశాడా లేదా అన్న ప్రశ్న ఎంత ముఖ్యమో, ఆ చీటీ ఎన్నిసార్లు చెల్లింది అన్న ప్రశ్న కూడా అంతే ముఖ్యమని ఈ అంకె చెబుతోంది. ఆ రెండో ప్రశ్నకు జవాబు మీ కౌంటరులో ఉంది.

నిజాయితీగా మాట్లాడుకుందాం కనుక మా వైపు లోపాలు కూడా చెబుతాను. ఈ క్రీము రాసి ఎన్ని వారాలో రాయని డాక్టర్లు ఉన్నారు. మందు పేరు కింద "రాత్రిపూట" అని ఒక్క మాట రాసి, మళ్ళీ ఎప్పుడు రావాలో చెప్పకుండా పంపేస్తే, ఆమె దాన్ని జీవితాంతం వాడే మందనుకోవడంలో తప్పేముంది? రోజుకు వందమందిని చూసే ఓపీల్లో సన్‌స్క్రీన్ గురించి చెప్పే తీరిక ఉండడం లేదు. చర్మవైద్యులు కాని వారు కూడా ఈ ట్యూబు ధారాళంగా రాస్తారు, పల్లెల్లో ఆర్‌ఎంపీలు సంచిలోంచి తీసి ఇస్తారు. అందుకే నా సాటి వైద్యులకు కూడా ఇదే మాట చెబుతున్నాను: చీటీ మీద "8 వారాలు, ఒక్క ట్యూబు, మళ్ళీ ఇవ్వవద్దు" అని తెలుగులో రాయండి. చదవలేని రాతతో రాసి, ఫార్మసిస్టు నియమం పాటించలేదని నిందించడం న్యాయం కాదు.

మీ ఇబ్బందులు నాకు తెలియనివి కావు. మేము ఇవ్వకపోతే పక్క షాపువాడు ఇస్తాడు అంటారు. నిజమే, కొన్నాళ్ళు అలాగే జరుగుతుంది. పది ట్యూబులు తీసుకుంటే రెండు ఉచితం అంటూ కంపెనీ ప్రతినిధులు తెచ్చే స్కీములు, నెలాఖరులో డిస్ట్రిబ్యూటరు ఒత్తిడి, ఏళ్ళ తరబడి మీ దగ్గరే బీపీ మాత్రలు కొనే కుటుంబంలోని కోడలు ట్యూబు అడిగితే కాదనలేని మొహమాటం, ఇవన్నీ ఉన్నాయి. డాక్టరు దగ్గరికి వెళ్ళమంటే ఫీజు ఎవరు ఇస్తారని ఆమె అడిగే ప్రశ్నకు నా దగ్గరే సరైన జవాబు లేదు. జిల్లా ఆసుపత్రుల్లోనూ బోధనాసుపత్రుల్లోనూ చర్మ విభాగంలో ఉచితంగా చూస్తారని చెప్పవచ్చు, అక్కడికి వెళ్ళి రావడానికి ఒక రోజు కూలి పోతుందన్నది కూడా నిజం. కానీ ఆ ఒక్క రోజు కూలిని, పాడైన ముఖానికి ఆమె ఆ తర్వాత పెట్టే ఖర్చుతో పోల్చి చూడండి. వ్యాపారపరంగా చూసినా, మంగు ఉన్న మనిషి ప్రతిరోజూ ఏడాది పొడవునా వాడాల్సింది సన్‌స్క్రీన్. రెండు నెలలకు ఒక ట్యూబు కొనే మనిషి కంటే నెలనెలా సన్‌స్క్రీన్ కొనే మనిషి మీకు మేలైన ఖాతాదారే.

సన్‌స్క్రీన్ మాట వచ్చింది కనుక ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే కౌంటరు దగ్గర మీరు నిస్సంకోచంగా ఇవ్వదగిన సలహా ఇదొక్కటే. ఎండ నుంచి ఎంత రక్షణ ఇస్తుందో తెలిపే ఎస్పీఎఫ్ అంకె 30 లేదా అంతకు మించి ఉన్నది ఇవ్వండి. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలుగా పిండితే వచ్చేంత మోతాదు ముఖానికీ మెడకూ కావాలి. చాలామంది అందులో నాలుగో వంతు కూడా రాయరు. ఎండలో పనిచేసేవారు రెండు మూడు గంటలకొకసారి మళ్ళీ రాసుకోవాలి. మంగు విషయంలో అతినీలలోహిత కిరణాలే కాక మామూలు కంటికి కనిపించే వెలుగు కూడా రంగును పెంచుతుంది కనుక, ఐరన్ ఆక్సైడ్ కలిసిన లేత గోధుమరంగు సన్‌స్క్రీన్లు మామూలు తెల్లవాటికంటే మంగుకు ఎక్కువ ఉపయోగపడతాయి. కొనలేని వారికి గొడుగు, వెడల్పు అంచు టోపీ, ముఖం మీదికి లాక్కున్న చున్నీ కూడా మందులేనని చెప్పండి. నిమ్మరసం పూసుకుని ఎండలోకి వెళ్ళవద్దని చెప్పండి, అది ముఖాన్ని కాల్చి కొత్త మచ్చలు తెస్తుంది. జాజికాయ అరగదీసి పట్టించుకోమనే అమ్మమ్మల సలహాతో మంగు పోయిందని నేను చెప్పలేను గానీ, దాని వల్ల బుగ్గల మీద రక్తనాళాలు తేలిన మనిషినైతే ఇంతవరకూ చూడలేదు.

ముఖం మీద నల్లగా కనిపించేదంతా మంగు కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. తలరంగు, సెంటు, కుంకుమ వంటివి పడక వచ్చే నలుపు ఉంటుంది. దానికి కారణమైన వస్తువు మానకుండా ఏ క్రీము రాసినా ఫలితం ఉండదు. కణతల దగ్గర, మెడ మీద వెల్వెట్‌లా మందంగా వచ్చే నలుపు చాలాసార్లు బరువుకూ, ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడానికీ గుర్తు. ఆమెకు కావాల్సింది చక్కెర పరీక్ష. అంచులు ఎర్రగా ఉండి దురద పెట్టేది తామర కావచ్చు, స్టిరాయిడ్ తగిలితే అది రూపు మార్చుకుని ముఖమంతా పాకుతుంది. స్పర్శ తగ్గిన పాలిపోయిన మచ్చ కుష్ఠువ్యాధి మొదటి గుర్తు కావచ్చు, దాని మీద స్టిరాయిడ్ పూస్తే గుర్తించడం ఆలస్యమవుతుంది. ఫోనులో ఫొటో చూపించి "దీనికి ఏదైనా ఇవ్వండి" అని అడిగితే నేనే చెప్పలేని సందర్భాలు ఇవి.

పార్లర్లలో డబ్బాల్లో నింపి అమ్మే పేరులేని క్రీముల గురించి ఎక్కువ చెప్పను, అవి మీ దుకాణాలవి కావు. కేరళలోని మలప్పురం జిల్లాలో 2023లో పాదరసం కలిసిన తెల్లబరిచే క్రీములు వాడినవారి మూత్రపిండాలు దెబ్బతిన్న సంగతి పత్రికల్లో మీరూ చదివి ఉంటారు. తయారీదారు పేరు, లైసెన్సు నంబరు లేని ఫెయిర్‌నెస్ క్రీము ఏ ఏజెంటు తెచ్చినా మీ అరలోకి రానివ్వకండి, అంతే.

నేను కోరే పనులు పెద్దవి కావు. మరింత కట్టుదిట్టంగా అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్1 మందులకు 2014 నుంచి మీరు విడిగా రిజిస్టరు రాసి మూడేళ్ళు భద్రపరుస్తున్నారు. మంగు ట్యూబులకు చట్టం అంత పని చెప్పడం లేదు. అయినా కౌంటరు కింద ఒక నోటుబుక్కు పెట్టి పేరు, తేదీ, రాసిన డాక్టరు పేరు అనే మూడు గడులు నింపితే, రెండు నెలల్లోపు మళ్ళీ వచ్చిన మనిషి మీకు వెంటనే తెలుస్తుంది. కంప్యూటరు బిల్లింగు ఉన్నవారికి ఆ నోటుబుక్కు కూడా అక్కర్లేదు, ఫోను నంబరు కొడితే పాత బిల్లులన్నీ తెర మీదికి వస్తాయి. చీటీ మీద ముద్ర, తేదీ వేయండి. ట్యూబులను ఎదురుగా కనిపించే గాజు అరలోంచి తీసి, ఫార్మసిస్టు చేతికి మాత్రమే అందే చోట పెట్టండి. ఊరిలోని దుకాణాల సంఘం వారంతా కలిసి ఒకే రోజు నుంచి ఈ పద్ధతి మొదలుపెడితే, పక్క షాపువాడి భయం చాలావరకు తీరిపోతుంది. అలా ముందుకు వచ్చిన సంఘం ఏదైనా పిలిస్తే, మీ కుర్రవాళ్ళకు ఫొటోలతో ఒక గంటసేపు వివరించడానికి నేను వస్తాను, నాలాంటి వారు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు.

చివరగా, ఈ లేఖ చదివిన మర్నాడే మీ ముందుకు వచ్చే మనిషి గురించి చెప్పాలి. ఆమె రెండేళ్ళుగా ఇదే ట్యూబు వాడుతూ ఉంటుంది. ఇవ్వనని మీరు ఒక్కసారిగా అంటే, ఆమె ఇంటికి వెళ్ళి వారం తిరక్కుండా ఎర్రగా మండుతున్న ముఖంతో తిరిగి వస్తుంది, లేదా ఆన్‌లైనులో తెప్పించుకుంటుంది. ఆమెను కోప్పడవద్దు. ఇన్నాళ్ళు వాడిన స్టిరాయిడ్‌ను డాక్టరు పర్యవేక్షణలో క్రమంగా తగ్గించుకుంటూ మానాలనీ, ఆపిన తర్వాత కొన్ని వారాలు ఎరుపు, మంట రావడం సహజమనీ, అది క్రీము కావాలని చర్మం అడగడం కాదనీ చెప్పండి. సువాసన లేని సాదా మాయిశ్చరైజరు, సన్‌స్క్రీన్ ఇవ్వండి; మంటగా ఉన్నప్పుడు చల్లని నీటితో తడిపిన మెత్తని గుడ్డ వేసుకోమనండి; సబ్బు, స్క్రబ్, బ్లీచ్, ఫేషియల్ మానమనండి. మంట తగ్గడానికంటూ మరో స్టిరాయిడ్ ట్యూబు, పేరు మార్చి కూడా, ఇవ్వకండి. వాడుతున్న ట్యూబును పారేయకుండా వెంట తీసుకుని చర్మవైద్యుల దగ్గరికి వెళ్ళమనండి, అందులో ఏ స్టిరాయిడ్ ఉందో చూస్తేనే దాన్ని ఎలా తగ్గించాలో మేము నిర్ణయించగలం.

ఇట్లు,
గోదావరి జిల్లాల నుంచి ఒక చర్మవైద్యురాలు